అమెరికా స్వాతంత్ర్య యుద్ధం: మామూలు సైనికుడి చేతిలో ఉన్నది రైఫిలా, మస్కెట్టా?

కృష్ణలంక
అందరికీ నమస్కారం. 1775లో బ్రిటన్ మీద తిరగబడ్డ అమెరికన్ వలసల సైనికులు ఏ ఆయుధాలతో పోరాడారన్నది నా ప్రశ్న. యూట్యూబ్‌లో ఏ వీడియో చూసినా ఒకటే కథ: పల్లెటూరి వేటగాళ్లు చెట్ల చాటు నుంచి పొడవాటి రైఫిళ్లతో గురిచూసి కాల్చారు, ఎర్రకోట్ల బ్రిటిష్ వాళ్లు వరుసలు కట్టి నిలబడి చచ్చిపోయారు, అలా దేశం వచ్చింది. ఇది నిజమైతే ఎనిమిదేళ్లు ఎందుకు పట్టింది? మామూలు సైనికుడు ఏం మోసేవాడు, అది ఎక్కడ నుంచి వచ్చేది, నిమిషానికి ఎన్నిసార్లు పేలేది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

లాంకాస్టర్ తెలుగు
నేను ఉండేది పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో కాబట్టి రైఫిల్ తరఫున ముందుగా నేనే మాట్లాడతాను. ఆ పొడవాటి రైఫిల్ పుట్టింది ఈ ప్రాంతంలోనే. జర్మనీ నుంచి వలస వచ్చిన తుపాకీ పనివాళ్లు తమ దేశపు పొట్టి వేట రైఫిల్‌ను ఇక్కడి అడవులకు తగ్గట్టు మార్చారు. గొట్టం పొడుగు పెంచారు, లోపలి వ్యాసం తగ్గించారు. దాంతో సీసం, తుపాకీ మందు రెండూ ఆదా. గొట్టం లోపల మెలికలు తిరుగుతూ గాడులు ఉంటాయి. గుండును నూనె రాసిన గుడ్డముక్కలో చుట్టి లోపలికి దించుతారు. పేల్చినప్పుడు అది ఆ గాడులు పట్టుకుని గిరగిరా తిరుగుతూ బయటికి వస్తుంది కాబట్టి దారి తప్పదు. మంచి చేతిలో 200 గజాల దూరంలో మనిషిని కొట్టగలదు. 1775 జూన్ 14న కాంగ్రెస్, అంటే వలసల ప్రతినిధుల సభ, సైన్యాన్ని ఏర్పాటు చేసినప్పుడు మొట్టమొదట మంజూరు చేసింది పది రైఫిల్ కంపెనీలనే. ఆరు పెన్సిల్వేనియావి, మేరీలాండ్‌వి రెండు, వర్జీనియావి రెండు. అంటే దాని విలువ ఆనాటి వాళ్లకు బాగా తెలుసు.

నల్లమల
లాంకాస్టర్ గారు రైఫిల్ గురించి రాసింది అక్షరాలా నిజం. అయితే కృష్ణలంక గారు అడిగింది మామూలు సైనికుడి గురించి. అతని చేతిలో ఉన్నది మస్కెట్.

గొట్టం లోపల గాడులు లేని నున్నటి తుపాకీ ఇది. బ్రిటిష్ వాళ్ల మస్కెట్‌ను బ్రౌన్ బెస్ అంటారు. పాత మోడల్ గొట్టం 46 అంగుళాలు, తర్వాత వచ్చింది 42 అంగుళాలు. బరువు దాదాపు నాలుగున్నర కిలోలు. గొట్టం లోపలి వ్యాసం ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. గుండు దానికన్నా కాస్త చిన్నది, బరువు 30 గ్రాముల పైమాటే. మెత్తటి సీసం గుండు ఎముకకు తగిలితే ఆ ఎముక ముక్కలైపోయేది. కాలికో చేతికో తగిలిందంటే చాలామందికి అది తీసేయడం తప్ప డాక్టర్లకు దారి ఉండేది కాదు.

గుండు చిన్నదిగా ఉండటం వల్ల లోపల వదులుగా ఉండి త్వరగా దిగుతుంది. అదే దాని బలం, అదే దాని లోపం. వదులుగా ఉన్న గుండు గొట్టంలో అటూ ఇటూ తగులుతూ చివరికి ఎటు తగిలితే అటు పోతుంది. 80, 100 గజాలు దాటితే ఒక మనిషికి గురిపెట్టి కొట్టడం అదృష్టం మీద ఆధారపడిన పని. అందుకే వరుసలు కట్టేవాళ్లు. రెండు మూడు వందల మంది భుజం భుజం కలిపి ఒకేసారి పేలిస్తే ఎదుటి వరుసలో ఎవరో ఒకరికి తగులుతుంది. బ్రిటిష్ వాళ్లు తెలివితక్కువగా వరుసల్లో నిలబడ్డారని వీడియోల్లో చెప్పేది అన్యాయం. ఆ ఆయుధంతో ఇంకోలా పోరాడటం కష్టం. వాషింగ్టన్ కూడా తన సైన్యానికి అదే పద్ధతి నేర్పించాడు.

సాగర్‌రోడ్
నిమిషానికి ఎన్ని అన్నా? మూడు అని ఎక్కడో చదివాను. అంత పెద్ద తుపాకీని 20 సెకన్లలో నింపడం సాధ్యమేనా?

నల్లమల
కసరత్తు బాగా చేసినవాడికి సాధ్యమే. గుండు, మందు కలిపి కాగితంలో చుట్టిన తూటాలు నడుముకు కట్టుకున్న పెట్టెలో ఉంటాయి. ఒకటి తీసి పంటితో చివర చింపాలి. తుపాకీ పక్కన ఉండే చిన్న పళ్లెంలో చిటికెడు మందు వేసి మూత వేయాలి. తుపాకీ నిలబెట్టి మిగతా మందు గొట్టంలో పోసి, గుండునూ కాగితాన్నీ దాని వెనకే తోసి, ఇనుప కడ్డీతో కూరాలి. కడ్డీ మళ్లీ దాని చోట పెట్టేయాలి, ఎందుకంటే అది పోతే తుపాకీ పనికిరాదు. అప్పుడు భుజానికి ఎత్తి ట్రిగ్గర్ నొక్కితే చెకుముకి రాయి ఉక్కు మీద గీసుకుని రవ్వలు పళ్లెంలో పడతాయి. ఆ మంట చిన్న రంధ్రం గుండా లోపలికి పోతే తుపాకీ పేలుతుంది.

లోపలికి పోతే అన్నాను. రాయి అరిగినా, రంధ్రంలో మసి పేరుకున్నా, గాలికి పళ్లెంలో మందు ఎగిరిపోయినా పేలదు. కాల్చే కొద్దీ గొట్టంలో మసి గట్టిపడి గుండు దించడం కష్టమవుతుంది. ఒక్క విడత పేలేసరికి తెల్లటి పొగ కమ్మేసి ఎదుటివాడు కనిపించడు. ఈ పనంతా పక్కవాడు కూలిపోతుంటే, నోట్లో మందు ఉప్పగా తగులుతుంటే, దాహంతో చేయాలి. కొత్తగా పొలం నుంచి వచ్చిన కుర్రాడికి చేతులు వణకడంలో ఆశ్చర్యం ఏముంది?

వేటగాడి రైఫిల్‌కి గుడ్డ చుట్టి బిగుతుగా దించాలి కాబట్టి ఒక్కసారి నింపడానికే నిమిషం దాకా పట్టేది. ఆ నిమిషంలో మస్కెట్ వరుస వంద గజాలు నడిచి మీద పడుతుంది. అప్పుడు అసలు సమస్య మొదలవుతుంది. రైఫిల్ చివర బాయ్‌నెట్ బిగించే ఏర్పాటు లేదు.

సాగర్‌రోడ్
బాయ్‌నెట్ అంటే ఆ చివర కత్తి. అంత తేడా తెచ్చిందా?

నల్లమల
చాలా తేడా తెచ్చింది. 17 అంగుళాల పొడవున్న మూడు అంచుల ఉక్కు సూది అది. బిగిస్తే మస్కెట్ ఆరడుగుల ఈటె అవుతుంది. బ్రిటిష్ పదాతి దళం నమ్ముకున్నది దాన్నే. ఒకటి రెండు విడతలు కాల్చి, బాయ్‌నెట్లు దించి, అరుస్తూ పరిగెత్తేవాళ్లు. చాలాసార్లు పొడవాల్సిన అవసరమే రాలేదు, ఎదుటివాళ్లు ముందే పారిపోయేవాళ్లు.

1776 ఆగస్టు 27న లాంగ్ ఐలాండ్‌లో అమెరికన్ రైఫిల్‌మెన్‌కి ఇది ఘోరంగా అనుభవమైంది. ఒకసారి కాల్చాక మళ్లీ నింపుకునే లోపు జర్మన్ కిరాయి దళాలు, అంటే హెస్సియన్లు, బాయ్‌నెట్లతో మీదికి వచ్చేశారు. అదే ఏడాది అక్టోబరులో కాంగ్రెస్ యుద్ధ బోర్డు స్పష్టంగా రాసింది: మస్కెట్లు దొరికితే రైఫిళ్ల సంఖ్య తగ్గించేస్తాం, మస్కెట్ బాగుచేసుకోవడం సులువు, ఎక్కువసార్లు పేలుతుంది, బాయ్‌నెట్ ఉంటుంది అని.

1777 సెప్టెంబరు 20 రాత్రి ఫిలడెల్ఫియా దగ్గరి పావోలీలో బ్రిటిష్ జనరల్ గ్రే తన మనుషుల తుపాకుల నుంచి చెకుముకి రాళ్లు తీయించేశాడు. పొరపాటున కూడా ఒక్కటి పేలకూడదని. చప్పుడు లేకుండా వచ్చి నిద్రలో ఉన్న అమెరికన్ జనరల్ ఆంథొనీ వేన్ దళాన్ని బాయ్‌నెట్లతో పొడిచారు. రెండేళ్లు కాకముందే, 1779 జులై 16 రాత్రి, అదే వేన్ స్టోనీ పాయింట్ కోటను అచ్చం అదే పద్ధతిలో, ఖాళీ తుపాకులకు బిగించిన బాయ్‌నెట్లతో పట్టుకున్నాడు. ఆ మధ్యలో జరిగింది వ్యాలీ ఫోర్జ్, అంటే వాషింగ్టన్ సైన్యపు చలికాలపు శిబిరం. 1778 చలికాలంలో ప్రష్యా నుంచి వచ్చిన ఫాన్ స్టాయిబెన్ అక్కడి సైనికులకు కవాతు, బాయ్‌నెట్ వాడకం నేర్పాడు. అంతకుముందు వాళ్లలో చాలామంది బాయ్‌నెట్‌ను మాంసం గుచ్చి కాల్చుకోవడానికి వాడేవారట.

నా దృష్టిలో ఈ యుద్ధంలో అమెరికన్ పదాతి నేర్చుకున్న అతి పెద్ద పాఠం అదే. గురి వాళ్లకు ముందే ఉంది. నిలబడటం నేర్చుకున్నారు.

వాల్తేరు అప్‌ల్యాండ్స్
ఫెర్గూసన్ రైఫిల్ గురించి ఎవరూ రాయలేదే. ఇంజనీరుగా నాకు అది చాలా ఇష్టమైన ఆయుధం. పాట్రిక్ ఫెర్గూసన్ స్కాట్లాండ్ వాడు, బ్రిటిష్ సైన్యంలో అధికారి. గొట్టం మూతి నుంచి కాకుండా వెనక నుంచి మందు, గుండు నింపే రైఫిల్ చేశాడు. ట్రిగ్గర్ కింద ఉండే పిడిని ఒక్క చుట్టు తిప్పితే మర దిగి వెనక రంధ్రం తెరుచుకుంటుంది. అందులో గుండు వేసి మందు పోసి మళ్లీ తిప్పితే మూసుకుంటుంది. 1776 జూన్ 1న వులిచ్‌లో గాలివానలో నిలబడి నిమిషానికి నాలుగు నుంచి ఆరు సార్లు, 200 గజాల గురికి కాల్చి చూపించాడు. బోర్లా పడుకుని కూడా నింపొచ్చు. దానికి బాయ్‌నెట్ కూడా ఉంది! నల్లమల గారు చెప్పిన లోపాలన్నీ తీరిపోయినట్టే కదా.

కానీ చేయించింది వంద లేదా అంతకు కాస్త పైన. 1777 సెప్టెంబరు 11న బ్రాండీవైన్ పోరులో అతని చిన్న దళం వాడింది. అక్కడే అతని మోచేతికి గుండు తగిలింది, దళాన్ని విడదీసేశారు. ఆ మరలు కోయడానికి నేర్పు ఉన్న పనివాళ్లు కావాలి, ఒక్కోటి చేయడానికి ఎంతో సమయం, డబ్బు కావాలి. పది వేల మందికి ఇవ్వగలిగే ఆయుధం కాదు. చేయగలగడం వేరు, వేలల్లో చేయగలగడం వేరు, ఈ మాట మా ఫ్యాక్టరీ ఫ్లోర్ మీద రోజూ తెలుస్తుంది.

లాంకాస్టర్ తెలుగు
ఆ ఫెర్గూసన్ చనిపోయింది ఎలాగో కూడా చెప్పండి వాల్తేరు గారు. 1780 అక్టోబరు 7, కింగ్స్ మౌంటెన్. కొండ మీద ఫెర్గూసన్, అతని కింద వెయ్యి మందికి పైగా రాజభక్త అమెరికన్లు. కింద నుంచి ఎక్కింది కొండల అవతలి నుంచి వచ్చిన సెటిలర్లు, చేతుల్లో మా రైఫిళ్లు. పైవాళ్లు బాయ్‌నెట్లతో కిందికి తరిమినప్పుడల్లా వీళ్లు వెనక్కి తగ్గి, చెట్ల మధ్య మళ్లీ నింపుకుని, మళ్లీ ఎక్కారు. గంట సేపట్లో అయిపోయింది. కాబట్టి బాయ్‌నెట్ ముందు రైఫిల్ ఎప్పుడూ ఓడిందన్న మాట నేను ఒప్పుకోను.

సారటోగా ఉండనే ఉంది. 1777 సెప్టెంబరు 19న ఫ్రీమన్స్ ఫామ్ దగ్గర డేనియల్ మోర్గన్ రైఫిల్‌మెన్ బ్రిటిష్ అధికారులను, ఫిరంగి దగ్గర పనిచేసేవాళ్లను ఒక్కొక్కరినే ఏరి కొట్టారు. అక్టోబరు 7న జనరల్ సైమన్ ఫ్రేజర్‌కు గుండు తగిలాకే బ్రిటిష్ వరుస చెదిరింది. పది రోజులకు బ్రిటిష్ సేనాని బర్గాయిన్ సైన్యం మొత్తం లొంగిపోయింది. ఆ గెలుపు చూసే కదా ఫ్రాన్స్ బహిరంగంగా యుద్ధంలోకి దిగింది.

నల్లమల
కింగ్స్ మౌంటెన్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. నిటారు కొండ, దట్టమైన చెట్లు. అలాంటి చోట రైఫిల్ రాజే. సారటోగాలో మాత్రం మోర్గన్ పక్కన ఎవరున్నారో చూడండి. హెన్రీ డియర్‌బార్న్ తేలికపాటి పదాతి దళం, చేతుల్లో మస్కెట్లు, బాయ్‌నెట్లు. రైఫిల్‌మెన్ నింపుకుంటున్నప్పుడు కాపలా కాయడానికే వాళ్లను జతచేశారు. 1781 జనవరి 17న కౌపెన్స్‌లో మోర్గన్ దీన్ని ఇంకా అందంగా చేశాడు. ముందు రైఫిల్‌మెన్, వాళ్ల వెనక మిలీషియా, అంటే అవసరానికి పిలిపించిన స్థానిక దళాలు, అందరికన్నా వెనక కాంటినెంటల్ సైనికులు, అంటే కాంగ్రెస్ జీతమిచ్చే శాశ్వత సైన్యం. మిలీషియాను రెండు విడతలు కాల్చి పక్కకు తప్పుకోమన్నాడు. పారిపోతున్నారనుకుని బ్రిటిష్ అధికారి టార్ల్‌టన్ దళం తరుముకుంటూ వచ్చి నేరుగా మస్కెట్ల ముందు పడింది. దగ్గర నుంచి ఒక్క విడత పేల్చి బాయ్‌నెట్లతో మీదికి దూకారు. ఏ ఆయుధం చేతిలో ఉన్నవాడు ఏం చేయగలడో, ఏం చేయలేడో మోర్గన్ అంత బాగా తెలిసిన సేనాని ఆ యుద్ధంలో ఇంకొకరు లేరనిపిస్తుంది నాకు.

మైత్రి డెలావేర్
ఇప్పటిదాకా అంతా తుపాకీ గురించే మాట్లాడుకున్నారు. తుపాకీలో పోసే మందు గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు ఈ యుద్ధమంతా మందు చుట్టూ తిరిగిన కథలాగే కనిపిస్తుంది.

మొదలైంది మందుతోనే. 1774 అక్టోబరులో బ్రిటన్ వలసలకు ఆయుధాలు, మందుగుండు ఎగుమతి చేయడాన్ని నిషేధించింది. 1775 ఏప్రిల్ 19న బ్రిటిష్ దళం బోస్టన్ నుంచి కాంకర్డ్‌కు బయల్దేరింది అక్కడ దాచిన మందునూ ఆయుధాలనూ పట్టుకోవడానికే. లెక్సింగ్టన్ కాల్పులు ఆ దారిలో జరిగినవి. రెండు నెలలకు, జూన్ 17న, బంకర్ హిల్. బ్రిటిష్ వాళ్లు మూడుసార్లు ఎక్కారు. మొదటి రెండుసార్లు వందల మంది కూలి, గాయపడి వెనక్కి తగ్గారు. మూడోసారి అమెరికన్ల దగ్గర మందు అయిపోయింది. బాయ్‌నెట్లు ఉన్నవాళ్లు కొద్దిమందే. తుపాకీ మడమలతో కొట్టుకుంటూ వెనక్కి వచ్చారు. ఓడించింది ఖాళీ మందు సంచి.

ఆగస్టులో వాషింగ్టన్ లెక్క అడిగాడు. 300కు పైగా పీపాల మందు ఉందనుకున్నాడు. ఉన్నవి 36. మనిషికి తొమ్మిది తూటాలకు మించి రాదు. ఆ మాట విని అరగంట సేపు ఆయన నోట మాట రాలేదని అక్కడే ఉన్న జనరల్ సలివన్ రాశాడు. బ్రిటిష్ సైన్యం మైలు దూరంలో ఉంది, ఈ సంగతి వాళ్లకు తెలిస్తే యుద్ధం ఆ వారమే ముగిసిపోయేది. 1776 ఫిబ్రవరిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఈటెలు, విల్లంబులు కూడా వాడదామని జనరల్ చార్ల్స్ లీకి రాశాడు. ఒక గుండు నింపే లోపు నాలుగు బాణాలు వేయొచ్చు, పొగ ఉండదు అని కారణాలు కూడా చెప్పాడు. అది తమాషాకు రాసిన ఉత్తరం కాదు. అంత కరువు.

కృష్ణలంక
మైత్రి గారూ, మందు వాళ్లే తయారు చేసుకోలేరా? బొగ్గు, గంధకం, సురేకారం కదా కావాల్సింది.

మైత్రి డెలావేర్
మంచి ప్రశ్న. మూడింటిలో నాలుగింట మూడు వంతులు సురేకారమే. కొంతమంది పెట్లుప్పు అంటారు. బొగ్గుకు అడవులున్నాయి, గంధకం తక్కువే కావాలి. సురేకారం దగ్గరే అంతా ఆగిపోతుంది. పశువుల కొట్టాల కింద, పాత నేలమాళిగల్లో, పొగాకు కొట్టాల్లో మట్టి తవ్వి, నీళ్లలో నానబెట్టి, కట్టెల బూడిద కలిపి, మరిగించి, చల్లార్చి స్ఫటికాలు తీయాలి. కాంగ్రెస్ 1775లో దీని మీద కరపత్రం అచ్చు వేయించి ఊరూరా పంచింది. పాల్ రివియర్‌ను ఫిలడెల్ఫియా దగ్గరి మందు మిల్లు ఎలా పనిచేస్తుందో చూసి రమ్మని మసాచుసెట్స్ వాళ్లు పంపారు. ఇంత చేసినా వచ్చింది అవసరంలో చిన్న భాగమే.

మరి బ్రిటన్‌కు సురేకారం ఎక్కడిది? బీహార్ నుంచి! పాట్నా, ఛప్రా ప్రాంతంలో ఎండాకాలం నేల మీద తెల్లగా పొంగే ఉప్పును నోనియా కులస్తులు తరతరాలుగా గీకి, వడగట్టి, కాచేవారు. 1757 ప్లాసీ తర్వాత ఆ వ్యాపారం మొత్తం ఈస్టిండియా కంపెనీ చేతిలోకి వెళ్లింది. బంకర్ హిల్ ఎక్కిన బ్రిటిష్ సైనికుడు పంటితో చింపిన తూటాలో బీహార్ రైతు గీకిన ఉప్పు ఉందన్నమాట. ఆ నోనియాల పేరు ఏ యుద్ధ స్మారకం మీదా లేదు. నాకు దీని మీద నిజంగా బాధ ఉంది.

దీనికి రెండో వైపు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. బ్రిటన్‌తో ఏడేళ్ల యుద్ధాన్ని ముగించిన 1763 ఒప్పందంతో ఇండియాలో బలం పోగొట్టుకున్న ఫ్రాన్స్‌కు కూడా సురేకారం కరువైంది. తన శత్రువు కంపెనీ దగ్గరే కొనాల్సిన స్థితి. అందుకే 1775లో మందు తయారీని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది, అది నడిపినవాళ్లలో ముఖ్యుడు రసాయన శాస్త్రవేత్త లవోజియే. కొన్నేళ్లలో ఫ్రెంచ్ మందు యూరప్‌లోనే మేలైనదిగా పేరు తెచ్చుకుంది. సరిగ్గా అప్పుడే అమెరికన్లు చేయి చాచారు. యుద్ధం మొదటి రెండున్నరేళ్లలో వాళ్లు కాల్చిన మందులో అధిక భాగం బయట నుంచి వచ్చిందే, లేదా బయటి సురేకారంతో చేసిందే. మార్టినిక్ లాంటి ఫ్రెంచ్ దీవులు, డచ్చివాళ్ల సెయింట్ యూస్టేషియస్ దీవి దీనికి సంతలయ్యాయి. పొగాకు, నీలిమందు ఇచ్చి తుపాకీ మందు తెచ్చుకున్నారు. 1775 ఆగస్టులో బెర్ముడాలో స్థానికుల సాయంతో రాత్రికి రాత్రి బ్రిటిష్ మందు కొట్టునే ఖాళీ చేశారు.

సాగర్‌రోడ్
బీహార్ సంగతి చదివి రోమాలు నిక్కబొడుచుకున్నాయి. మన స్కూలు పుస్తకాల్లో ప్లాసీ అంటే బెంగాల్ పన్నుల గురించే చెప్పారు.

నల్లమల
మైత్రి గారు చెప్పిన దానికి వాన కూడా కలపండి. 1777 సెప్టెంబరు 16న ఫిలడెల్ఫియాకు పడమర రెండు సైన్యాలు ఎదురెదురు నిలబడ్డాక కుండపోత కురిసింది. అమెరికన్ల తూటా పెట్టెలు సరిగా కుట్టలేదు, నీళ్లు దిగాయి. లక్షల కొద్దీ తూటాలు ముద్దయిపోయాయి. వాషింగ్టన్ పోరాడకుండానే వెనక్కి తిరిగాడు. నేను పైన చెప్పిన పావోలీ దాడి దానికి నాలుగు రోజుల తర్వాత. పది రోజుల్లో ఫిలడెల్ఫియా బ్రిటిష్ చేతిలో ఉంది. పెట్టె మూతకు వాడిన తోలు కూడా ఆయుధమే.

సీసం సంగతి ఒక్క మాట. 1776 జులై 9న స్వాతంత్ర్య ప్రకటన చదివి వినిపించిన సాయంత్రం న్యూయార్క్ జనం మూడో జార్జి రాజు విగ్రహాన్ని తాళ్లు కట్టి లాగేశారు. అది సీసం విగ్రహం, పైన బంగారు పూత. చాలా ముక్కలను కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌కు తీసుకెళ్లి కరిగించి గుండ్లు పోశారు. లెక్క రాసి పెట్టారు: 42,088 గుండ్లు. అచ్చుల్లో సీసం పోసినవాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు.

వర్జీనియా కోడలు
ఆయుధాల గురించి మాట్లాడేటప్పుడు ఎవరి చేతికి ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు అన్నది కూడా అడగాలి కదండీ. మేం విలియమ్స్‌బర్గ్‌కు దగ్గర్లోనే ఉంటాం. అక్కడి మందు కొట్టు నుంచి 1775 ఏప్రిల్ 21 తెల్లవారుజామున గవర్నర్ డన్‌మోర్ మందు పీపాలు ఎత్తించుకుపోయాడు. వర్జీనియా భూస్వాములు మండిపడ్డారు. వాళ్ల కోపంలో సగం భయం. బానిసలు తిరగబడితే తమ దగ్గర మందు లేదని.

ఆ భయాన్నే డన్‌మోర్ వాడుకున్నాడు. తిరుగుబాటుదారుల బానిసలు వచ్చి రాజు తరఫున ఆయుధం పడితే స్వేచ్ఛ ఇస్తానని నవంబరులో ప్రకటించాడు. వందల మంది ప్రాణాలకు తెగించి వచ్చారు. వాళ్లలో చాలామంది యుద్ధంలో కన్నా మశూచితోనే చనిపోయారు. ఇటు వాషింగ్టన్ సైన్యం మొదట్లో నల్లవాళ్లను చేర్చుకోవడానికి ఇష్టపడలేదు, మనుషులు చాలక తర్వాత చేర్చుకుంది. రోడ్ ఐలాండ్ 1778లో బానిసలను విడిపించి మరీ దళంలోకి తీసుకుంది. రెండు వైపులా ఆ మస్కెట్ పట్టుకున్న నల్లజాతి సైనికుడు తన స్వాతంత్ర్యం కోసమే పట్టుకున్నాడు. ఆ యుద్ధంలో ‘స్వాతంత్ర్యం’ అన్న మాటకు అందరికన్నా ఎక్కువ హక్కు వాళ్లదే అని నా అభిప్రాయం.

కృష్ణలంక
వర్జీనియా కోడలు గారూ, ఈ కోణం నాకు అసలు తట్టలేదు, చాలా థాంక్స్. మందు ఫ్రాన్స్ నుంచి వచ్చింది సరే, తుపాకులు? 13 వలసల్లో అన్ని వేల మస్కెట్లు ఎవరు చేశారు?

నల్లమల
మొదట్లో దొరికినవన్నీ. పాత ఫ్రెంచ్ యుద్ధం నాటివి, వేటకు వాడేవి, బ్రిటిష్ కొట్ల నుంచి ఎత్తుకొచ్చిన బ్రౌన్ బెస్‌లు. ప్రతి వలసలో రక్షణ కమిటీలు స్థానిక కమ్మరులతో బ్రౌన్ బెస్ నమూనాలోనే చేయించాయి. ఒకే కంపెనీలో పది మంది దగ్గర నాలుగు రకాల కొలతలు. తూటాలు చేసేవాడి బాధ ఊహించుకోండి. పక్కవాడి తూటా నా తుపాకీలో దిగదు.

1776లో ఫ్రాన్స్ రాజు, ఇంకా యుద్ధంలోకి దిగకుండానే, ఒక ఉత్తుత్తి వ్యాపార కంపెనీ ద్వారా సరుకు పంపడం మొదలుపెట్టాడు. దాన్ని నడిపింది నాటక రచయిత బోమార్షే. 1777 వసంతంలో మెర్క్యూర్, ఆంఫిట్రీట్ అనే ఓడలు న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరాయి. వాటిలో వేల కొద్దీ ఫ్రెంచ్ మస్కెట్లు, మందు, ఫిరంగులు. ఆ మస్కెట్లను తయారైన ఊరి పేరుతో షార్ల్‌విల్ అంటారు. గొట్టం వ్యాసం 17.5 మిల్లీమీటర్లు, బ్రౌన్ బెస్ కన్నా సన్నం, కాస్త తేలిక. గొట్టాన్ని కట్టెకు ఇనుప పట్టీలతో బిగిస్తారు కాబట్టి విప్పి శుభ్రం చేయడం సులువు. సారటోగాలో గెలిచిన సైన్యం చేతుల్లో ఉన్నవాటిలో చాలా భాగం ఇవే. లాంకాస్టర్ గారు ఫ్రాన్స్ సారటోగా చూసి దిగిందన్నారు. దిగడానికి ముందే ఫ్రాన్స్ తుపాకులు అక్కడ ఉన్నాయి.

యుద్ధం ముగిశాక స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో 1795లో అమెరికా ప్రభుత్వం సొంతంగా మొదలుపెట్టిన మస్కెట్ కూడా షార్ల్‌విల్‌కు నకలే.

ఫిరంగిపురం
మా ఊరి పేరు పెట్టుకుని ఫిరంగుల గురించి రాయకపోతే బాగుండదు. హెన్రీ నాక్స్ పాతికేళ్ల కుర్రాడు, బోస్టన్‌లో పుస్తకాల షాపు. ఫిరంగుల గురించి నేర్చుకున్నది ఎక్కువగా తను అమ్మే పుస్తకాల్లోనే. టైకాండరోగా కోట నుంచి 59 ఫిరంగులను 1775-76 చలికాలంలో మంచు బళ్ల మీద ఎడ్లతో, గుర్రాలతో దాదాపు 300 మైళ్లు లాక్కొచ్చాడు. గడ్డకట్టిన నదులు దాటేటప్పుడు మంచు పగిలి కొన్ని మునిగితే మళ్లీ పైకి తీశారు. మార్చి 4 రాత్రి వాటిని బోస్టన్ పక్కనే ఉన్న డార్చెస్టర్ గుట్టల మీద పెట్టారు. తెల్లారి చూసుకున్న బ్రిటిష్ సైన్యం మార్చి 17న ఓడలెక్కి బోస్టన్ వదిలి వెళ్లిపోయింది.

వర్జీనియాలోని యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సైన్యాన్ని చుట్టుముట్టినప్పుడు 1781 అక్టోబరు 9 నుంచి 17 దాకా మోగింది కూడా ఫిరంగులే, వాటిలో భారీవి ఫ్రెంచ్ వాళ్లవి. మధ్యలో 14వ తేదీ రాత్రి రెండు మట్టి బురుజులను మాత్రం మీద పడి పట్టుకున్నారు, ఒకదాని మీదికి ఖాళీ తుపాకులు, బాయ్‌నెట్లతో అలెగ్జాండర్ హామిల్టన్ దళం, ఇంకోదాని మీదికి ఫ్రెంచ్ దళం. 19న కార్న్‌వాలిస్ సైన్యం లొంగిపోయింది. అవును, 1792లో టిపూతో సంధి రాయించుకున్న అదే కార్న్‌వాలిస్.

సాగర్‌రోడ్
ఫిరంగిపురం అన్నా, ఈ యుద్ధం మన వైపు కూడా వచ్చిందని ఎక్కడో విన్నాను. నిజమేనా?

ఫిరంగిపురం
నిజమే, అదీ మా గుంటూరు మీదుగానే వచ్చింది. 1778లో ఫ్రాన్స్ అమెరికాతో చేతులు కలపగానే ఇండియాలో ఉన్న ఫ్రెంచ్ స్థావరాలన్నీ బ్రిటిష్ వాళ్లకు శత్రువులయ్యాయి. గుంటూరు సర్కారు అప్పుడు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ చేతిలో ఉంది, ఆయన కొలువులో ఫ్రెంచ్ దళం ఉంది. మద్రాసు వాళ్లు 1779లో ఆయనతో ఒప్పందం చేసుకుని ఫ్రెంచ్ వాళ్లను పంపించేయించి గుంటూరు తీసుకున్నారు. అదే ఏడాది మైసూరు పాలకుడు హైదర్ అలీకి ఆయుధాలు దిగే ఫ్రెంచ్ రేవు మాహేను కూడా పట్టుకున్నారు. హైదర్‌కు ఈ రెండూ నచ్చలేదు. 1780లో కర్ణాటకం, అంటే మద్రాసు చుట్టుపక్కల ఉన్న తమిళ ప్రాంతం, మీదికి దండెత్తాడు.

గుంటూరులో ఉన్న కర్నల్ బెయిలీ దళాన్ని హడావుడిగా దక్షిణానికి పిలిపించారు. సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో హైదర్, టిపూ సేనలు దాన్ని చుట్టుముట్టాయి. బెయిలీ మందు బళ్లు పేలిపోయాయి. ఆ తర్వాత కాల్చడానికి ఏమీ మిగల్లేదు. మైత్రి గారు బంకర్ హిల్ గురించి చెప్పిందే ఇక్కడ బ్రిటిష్ వాళ్లకు జరిగింది. హైదర్ పేరు అమెరికా దాకా వెళ్లింది కూడా. పెన్సిల్వేనియా వాళ్లు తమ యుద్ధనౌక ఒకదానికి హైదర్ ఆలీ అని పేరు పెట్టుకున్నారు. 1782 ఏప్రిల్ 8న డెలావేర్ అఖాతంలో అది తనకన్నా బలమైన జనరల్ మంక్ అనే బ్రిటిష్ నౌకను పట్టుకుంది.

మైత్రి డెలావేర్
ఫిరంగిపురం గారూ, ఆ డెలావేర్ అఖాతం మాకు దగ్గరే! ఆ నౌక పేరు వెనక ఇంత కథ ఉందని ఇక్కడి మనవాళ్లలో ఎంతమందికి తెలుసు? మందు కథకు కొసరు కూడా మా దగ్గరే ఉంది. లవోజియే దగ్గర మందు తయారీ నేర్చుకున్న కుర్రవాడు డ్యుపాంట్, 1802లో విల్మింగ్టన్ పక్కన బ్రాండీవైన్ ఏటి ఒడ్డున మందు మిల్లు కట్టాడు. ఈ రోజు మనవాళ్లు ఎందరో ఉద్యోగాలు చేసిన డ్యుపాంట్ కంపెనీ మొదలైంది అలాగే.

కృష్ణలంక
యార్క్‌టౌన్ 1781లో అయిపోయింది కదా. ఇండియాలో ఎప్పటిదాకా సాగింది?

ఫిరంగిపురం
1783 జూన్ దాకా. కడలూరులో బుస్సీ కింద ఫ్రెంచ్ దళాలు, ఎదురుగా జనరల్ స్టువర్ట్ కింద బ్రిటిష్ దళాలు, రెండు పక్కలా మన సిపాయిలు. జూన్ 13న పెద్ద పోరు జరిగి రెండు వైపులా వందల మంది పడిపోయారు. బ్రిటన్, ఫ్రాన్స్ మధ్య ప్రాథమిక సంధి జనవరి 20నే కుదిరింది. ఆ కబురు ఓడ మీద వచ్చి కడలూరు చేరేసరికి జూన్ ఆఖరైంది. అప్పటిదాకా అక్కడ చచ్చిపోయినవాళ్లు ముగిసిపోయిన యుద్ధంలో చచ్చిపోయారు. బుస్సీ అంటే మన బొబ్బిలి యుద్ధంలో పేరు వినిపించే బుస్సీయే. కావాలంటే కడలూరు మీద విడిగా ఇంకో చర్చ మొదలుపెడదాం, చెప్పాల్సింది చాలా ఉంది.